అమ్మదగినది – అమ్మరానిది

శరణ ధర్మమున కాయకమునకు గల స్థానము పాఠక మహాశయులకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను, హరళయ్య చెప్పులు కుట్టెను, నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్ళు పేనెను. శరణులైనందున వారెవ్వరును తమ పనిని మానుకొనలేదు. ఆ పనియే వారికి పూజ అయ్యెను. చేయు పనిలో కపటముండరాదు. దాని వలన వచ్చిన దానిలో తన అవసరమునకు మించినది సమాజమునకు చెందవలెను. మొదటిది కాయకము, రెండవది దాసోహము. ఈ రెండును ఒక కాడికి కట్టిన ఎద్దుల వంటివి. ఒకటి నిలిచిపోయినచో రెండవది బండిని లాగజాలదు.

మన పెద్దలు ఈ తూనికతో తూచిన వృత్తులన్నియు కంటికి కనిపించునవి. సేద్యము, నేత, వర్తకము, ఉపాధ్యాయత్వము – వీనిలో న్యాయమేదో అన్యాయమేదో ఊరిలోని పిన్నపెద్దలందరకును తెలియును. నేడు మన బిడ్డలు చేయుచున్న పనికి నాగలి లేదు, మగ్గము లేదు, తక్కెడ లేదు. కడప జిల్లాలోని ఇడుపులపాయలో 2008లో విద్యాలయము నెలకొన్నది. కర్నూలులో 2015లో ట్రిపుల్ ఐటీ ఏర్పడినది. ఆదోని, ఎమ్మిగనూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నుండి వేరుశెనగ పండించువారి పిల్లలును, చిన్న అంగళ్ళవారి పిల్లలును చదువు ముగించుకొని బెంగుళూరునకును హైదరాబాదునకును పోయి సాఫ్ట్‌వేర్ కంపెనీలలో చేరుచున్నారు. కొందరు సాహసించి తామే చిన్న కంపెనీలను ప్రారంభించుచున్నారు. వీనినే స్టార్టప్‌లని, పత్రికలలో అంకుర సంస్థలని అనుచున్నారు.

అట్టి యువకుడొకడు, నా పూర్వ విద్యార్థి, ఇటీవల ఒక ప్రశ్న వేసెను. "సార్, మేము కంపెనీ పెట్టేది నడిపేదానికి కాదు. నాలుగైదేండ్లు పెంచి పెద్ద కంపెనీకి అమ్మేదానికి. అందరూ చేసేది ఇదే. ఇది కాయకం అవుతుందా, కాదా?" ఈ ప్రశ్న ఆ ఒక్క యువకునిది మాత్రమే కాదు. లింగధారణ చేసికొని ఈ రంగములో ప్రవేశించుచున్న ప్రతి బిడ్డయు, వానిని పంపుచున్న ప్రతి తల్లియు తండ్రియు ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

ముందుగా ఈ వ్యాపారము నడచు తీరును తెలిసికొందము. ఇద్దరు ముగ్గురు మిత్రులు ఒక ఆలోచనతో పని ప్రారంభింతురు. వారికి ఆస్తి ఉండదు. బ్యాంకు అప్పు పుట్టదు. అప్పుడు వెంచర్ క్యాపిటల్ అను పెట్టుబడి సంస్థలు డబ్బు పెట్టి అందులకు బదులుగా వాటా తీసికొనును. ఆ సంస్థల డబ్బును ఇతరులు కొన్ని ఏండ్ల గడువునకు ఇచ్చినవారు. గడువులో పదింతలుగా రాబట్టవలెనని వారి ఆశ. అట్లు రాబట్టుటకు ముఖ్యముగా రెండు మార్గములు: కంపెనీ వాటాలను స్టాక్ మార్కెట్టులో పెట్టుట, లేదా కంపెనీని మరియొక పెద్ద కంపెనీకి అమ్మివేయుట. కావున కొడుకు పుట్టిన నాడే పెండ్లి ముహూర్తము నిర్ణయించినట్లు, కంపెనీ పుట్టిన నాడే దాని విక్రయమును గూర్చిన ఆలోచన కూడ పుట్టుచున్నది.

దీనికి మన తెలుగువారి ఉదాహరణమే కలదు. 2005 దీపావళికి బెంగుళూరులో ఇంజనీరుగా పనిచేయుచున్న సామ ఫణీంద్ర అను నిజామాబాదు జిల్లా యువకునకు ఇంటికి పోవుటకు బస్సు టిక్కెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలినవో ఒక్కచోట తెలిసికొను ఏర్పాటు ఆనాడు లేదు. ఒక్కొక్క ఏజెంటునకు తనకు తెలిసిన రెండు మూడు బస్సుల సమాచారము మాత్రమే ఉండెడిది. ఆ లోటును చూచి అతడును, అతని మిత్రులిద్దరును 2006లో రెడ్‌బస్ అను సంస్థను స్థాపించిరి. బెంగుళూరు – హైదరాబాదు రహదారి మన అనంతపురము, కర్నూలుల మీదుగానే పోవును. పండుగ నాడు ఆ దారిలో బస్సు కొరకు అర్ధరాత్రి నిలిచిన అనుభవము మనలో అనేకులకు కలదు. ఒక లోటును గమనించి, ఏజెంటునకును ప్రయాణికునకును మేలు కలుగునట్లు దానిని తీర్చుట కాయకము కాక మరేమగును?

2013 జూనులో ఆ సంస్థను ఐబిబో అను సమూహము కొనెను. ధర అధికారికముగా ప్రకటింపబడలేదు. కొన్ని వందల కోట్లని పత్రికలు వ్రాసినవి. 2017 జనవరిలో ఆ ఐబిబోయే మేక్‌మైట్రిప్ అను మరింత పెద్ద సంస్థలో కలసిపోయెను. ఇదే వ్యాపారమున హైదరాబాదులో 2008లో పుట్టిన అభిబస్ దీనికి పోటీగా పెరిగినది. దానిని 2021లో ఇక్సిగో అను సంస్థ తీసికొనెను. తెలుగువారు నాటిన రెండు మొక్కలును తుదకు పరుల తోటలలోనికి చేరినవి. ఇందు నేరమేమియు లేదు. ప్రయాణికునకు నేటికిని టిక్కెట్టు దొరకుచున్నది. అమ్మకము తనంతట తాను పాపము కాదని చెప్పుటకే ఈ ఉదాహరణము నిచ్చితిని.

రైతు పత్తిని పండించునది అమ్ముటకే. నేతగాడు చీర నేయునది అమ్ముటకే. నులియ చందయ్య కూడ తాను పేనిన త్రాళ్ళను అమ్మియే జంగమ దాసోహము చేసెను. మరి కంపెనీని అమ్మినచో తప్పేమని అడుగవచ్చును. ఇక్కడనే మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. చీర అమ్మిన నేతగాడు చీరను మాత్రమే అమ్ముచున్నాడు. మరునాడు మగ్గము అతని ఇంటనే ఉండును. కంపెనీని అమ్మినప్పుడు మూడు వస్తువులు ఒకేసారి చేతులు మారుచున్నవి. మొదటిది, యంత్రములలో నడచు ప్రోగ్రాము. రెండవది, దానిని వ్రాసిన మనుష్యుల భవిష్యత్తు. మూడవది, దానిని వాడుచున్నవారి నమ్మకము. మొదటిదానిని అమ్మువానికి పూర్తి హక్కు కలదు. రెండవ దానిలో ఇతరుల పాలు కలదు. మూడవది అతనిది కానే కాదు. అది అతని వద్ద దాచిన సొమ్ము.

మనుష్యుల సంగతి చూతము. చిన్న కంపెనీలు ప్రారంభదశలో ఎక్కువ జీతమీయలేవు. అందుచేత ఉద్యోగులకు "ఈసాప్" అను వాటా హక్కుల నిచ్చును. "నేడు తక్కువ జీతమునకు రాత్రింబవళ్ళు పనిచేయుము, రేపు కంపెనీ పెరిగినచో నీకును పాలుండును" అని దాని భావము. కాని ఆ హక్కు ఒక్కసారిగా చేతికి రాదు. సాధారణముగా నాలుగేండ్లలో కొంచెము కొంచెముగా స్థిరపడును. కంపెనీని అమ్మినప్పుడు ఒప్పందమును బట్టి ముందుగా పెట్టుబడిదారులు తమ డబ్బును తీసికొందురు. మిగిలినది మాత్రమే వ్యవస్థాపకులకును, ఉద్యోగులకును చేరును. ఇంకను స్థిరపడని హక్కులేమగునో చిన్న అక్షరములలో ముద్రించిన షరతులను బట్టి యుండును. ఆ కాగితమును చదివి సంతకము చేయు పిల్లలు ఎందరు? చదువుమని చెప్పు పెద్దలు ఎందరు? అమ్మకము వార్త పత్రికలో వచ్చిన నాడు వ్యవస్థాపకుని ఛాయాచిత్రము ప్రచురింపబడును. నాలుగేండ్లు ప్రోగ్రాము వ్రాసిన పిల్లకు రావలసినది వచ్చినదో లేదో ఎవ్వరును అడుగరు.

ఇక నమ్మకమును గూర్చి. 2014లో ఫేస్‌బుక్ సంస్థ వాట్సాప్‌ను కొనుచున్నట్లు ప్రకటించెను. ప్రకటించిన ధర వంద కోట్ల డాలర్లకు పందొమ్మిదింతలు. ఆనాడు ఆ సంస్థలో పనిచేయుచున్నవారు సుమారు యాబదియైదుగురు. ఇంతటి ధర ఆ యాబదియైదుగురికి కట్టినదా? కాదు. ఆ సంస్థను నమ్మి తమ మాటలను దాని ద్వారా పంపుచున్న కోట్లాది జనులకు కట్టినది. రెండు సంస్థల ఖాతాలను ఒకదానితో నొకటి జతపరచుట నమ్మదగినరీతిలో సాధ్యము కాదని కొనునప్పుడు ఐరోపా అధికారులకు ఫేస్‌బుక్ చెప్పెను. 2016లో ఆ మాటకు విరుద్ధముగా నియమములను మార్చెను. తప్పు సమాచారమిచ్చినందులకు 2017 మే నెలలో ఐరోపా సంఘము పదకొండు కోట్ల యూరోల జరిమానా విధించెను. మనము దాచుకొనుటకు ఇచ్చిన ధాన్యమును, మనల నడుగకుండ, గాదెతో సహా మరియొకరికి అమ్మినట్లున్నది ఈ వ్యవహారము.

ఇందులో పోటీ విషయము కూడ కలదు. ఆదోని పత్తి మార్కెట్టును చూచినవారికి ఇది వివరింపనక్కరలేదు. యార్డులో పదిమంది కొనుగోలుదారులు నిలిచి వేలము పాడినచో రైతునకు ధర లభించును. ఆ పదిమందిలో తొమ్మండుగురిని ఒక్కడే కొనివేసినచో మొదటి ఏడు ఎవరికిని నష్టము కనిపించదు. మూడవ ఏటికి ఆ ఒక్కడు చెప్పినదే తూకము, ఆ ఒక్కడు చెప్పినదే ధర. సాఫ్ట్‌వేర్ రంగమునందును కొన్ని పెద్ద సంస్థలు చిన్న సంస్థను కొనునది దానిని పెంచుటకు కాదు, అది పెరిగి తమకు పోటీ కాకుండుటకు. కొన్న కొలది దినములకే దానిని మూసివేయుటయు కలదు. మొలకను కొని పెరికివేయుట ఏ సేద్యము?

చాలకాలము మన చట్టము కూడ ఈ మొలకలను చూడలేదు. 2002 నాటి పోటీ చట్టము ప్రకారము సంస్థల ఆస్తి, అమ్మకముల మొత్తము ఒక హద్దును దాటినప్పుడే కొనుగోలును భారత పోటీ సంఘమునకు తెలుపవలెను. లాభము లేకయే కోట్ల జనులను చేర్చుకొన్న అంకుర సంస్థలు ఆ జల్లెడ రంధ్రముల గుండ జారిపోయెడివి. 2023లో చట్టమును సవరించిరి. 2024 సెప్టెంబరు 10 నుండి, కొనుగోలు విలువ రెండువేల కోట్ల రూపాయలు దాటి, మన దేశములో తగినంత వ్యాపారమున్న సంస్థ అయినచో, ముందుగా అనుమతి పొందవలెనను నియమము అమలులోనికి వచ్చినది. ఇది మంచి మార్పు. అయినను చట్టము ధరను మాత్రమే కొలువగలదు. ఉద్దేశమును కొలుచునది మనస్సాక్షి యొక్కటే.

అసత్యము ఈ క్రయవిక్రయములలో ప్రవేశించినచో ఏమగునో తెలుగునాడు కన్నులార చూచినది. 1987లో హైదరాబాదులో రామలింగరాజుగారు స్థాపించిన సత్యం కంప్యూటర్స్ ఎన్ని వేల తెలుగు కుటుంబములకు అన్నము పెట్టినదో మనమెరుగుదుము. 2008లో సంస్థ పరిపాలనా శ్రేష్ఠతకై దానికి గోల్డెన్ పీకాక్ పురస్కారము కూడ లభించెను. అదే ఏడు డిసెంబరు 16న ఆ సంస్థ, స్థాపకుని కుటుంబమునకు సంబంధించిన మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనుటకు తీర్మానించెను. సత్యమను పేరును ఇంగ్లీషు అక్షరములలో వెనుక నుండి చదివినచో మేటాస్ అగును. వాటాదారులు వ్యతిరేకింపగా గంటలలోనే ఆ తీర్మానము రద్దయ్యెను. 2009 జనవరి 7న రాజుగారు లేఖ వ్రాసి, ఏండ్ల తరబడి లెక్కలు పెంచి చూపినట్లును, బ్యాంకులలో ఉన్నట్లు చూపిన డబ్బులో అయిదువేల కోట్ల రూపాయలకు పైగా లేనే లేదనియు ఒప్పుకొనిరి. లేని డబ్బు స్థానమున నిజమైన ఆస్తిని చేర్చి లోటును కప్పుటకే ఆ కొనుగోలు యత్నమని కూడ వ్రాసిరి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆయనతో సహా పదిమందిని దోషులుగా నిర్ణయించి శిక్ష విధించెను. మరుసటి నెలలో పై న్యాయస్థానము ఆ శిక్షను నిలిపి బెయిలునిచ్చెను.

ఇచ్చట మనకు బసవేశ్వరుని భండారి జీవితము స్మరణకు రాక మానదు. బిజ్జలుని కొలువులో కోశాధికారము వహించిన బసవన్న జంగములకు రాజధనమును పంచి పెట్టుచున్నాడని అసూయాపరులు ఫిర్యాదు చేసిరి. లెక్క చూపుమని రాజు అడిగెను. బసవన్న కోపగింపలేదు, గడువు కోరలేదు. భండారమును తెరచి చూపెను. కాసైనను తగ్గలేదు. పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించిన ఈ ఘట్టమును మనము భక్తి మహిమగా చదువుచున్నాము. దానిని ధనమును చేత పట్టినవాని ధర్మముగా కూడ చదువవలసియున్నది. ఎప్పుడు అడిగినను తెరచి చూపదగిన లెక్కయే కాయకమునకు గుర్తు.

అయితే సత్యం కథ అంతటితో ముగియలేదు. కేంద్ర ప్రభుత్వము పాత పాలకవర్గమును తొలగించి క్రొత్తవారిని నియమించెను. ఆ సంస్థను బహిరంగముగా వేలము వేయగా 2009 ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా సంస్థ వాటా ఒకటికి యాబదియెనిమిది రూపాయల చొప్పున పాడుకొనెను. 2013లో రెండును ఒకటైనవి. కొన్నది పోటీదారు, అయినను ఆ కొనుగోలే వేలాది ఉద్యోగులను వీధిపాలు కాకుండ కాపాడెను. డిసెంబరులో తలపెట్టిన కొనుగోలు అసత్యమును దాచుటకు; ఏప్రిల్‌లో జరిగిన కొనుగోలు మనుష్యులను నిలుపుటకు. క్రియ ఒక్కటే, ధర్మము వేరు. కావున కొనుట మంచిదా, అమ్ముట మంచిదా అని వాదించుట వృథా. ఎవరి కొరకు, ఏమి దాచి, ఏమి తీర్చి అనునవే ప్రశ్నలు.

దీనికి మన శరణులు ఇచ్చిన కొలత ఒకటి కలదు. ఆయ్దక్కి మారయ్య నేలపై రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా పెట్టుకొనెను. ఒకనాడు నిత్యము తెచ్చుదాని కన్న ఎక్కువగా తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఎక్కువ మనకేల అని ప్రశ్నించి, ఎక్కడ నుండి తెచ్చితివో అక్కడనే పోసి రమ్మని భర్తను పంపెను. ఆ బియ్యము దొంగిలినది కాదు. చట్టము దృష్టిలో తప్పు లేనే లేదు. అయినను అవసరమును మించి ప్రోగుచేయు కోరిక పుట్టిన క్షణముననే కాయకము చెడునని ఆ తల్లి గ్రహించెను. నేడు కంపెనీ విలువ ఎంత అని ప్రశ్నించువారు అనేకులు. ఇంత ఏల అని ప్రశ్నించు లక్కమ్మ ప్రతి ఇంటనుండవలెను.

"అమ్మకము మీద ఆశ లేనిచో పెట్టుబడి ఎవరు పెట్టుదురు? పెట్టుబడి లేనిచో పేదపిల్లలు కంపెనీ ఎట్లు పెట్టగలరు?" అను ఆక్షేపణ సహేతుకమే. దీనిని త్రోసివేయరాదు. కాని మార్గము ఒక్కటే కాదని చూపు నిదర్శనములును కలవు. 1938లో మాచాని సోమప్పగారు మన ఎమ్మిగనూరులోనే చేనేతకారుల సహకార సంఘమును స్థాపించిరి. అందు నేయువారే సభ్యులు. పొరుగున తమిళనాడులో 1996లో ప్రారంభమైన జోహో సంస్థ బయటి పెట్టుబడి తీసికొనకయే పెరిగినది. పల్లెలలో కూడ కార్యాలయములను తెరచినది. చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌వర్క్స్ బయటి పెట్టుబడితోనే పెరిగి, 2021 సెప్టెంబరులో అమెరికా స్టాక్ మార్కెట్టులో ప్రవేశించినప్పుడు, మన దేశములోని అయిదువందలకు పైగా ఉద్యోగులు తమ వాటాల వలన కోటీశ్వరులైరని దాని స్థాపకుడు ప్రకటించెను. పెట్టుబడి తీసికొన్నను పాలు పంచవచ్చును.

అయితే ఇక్కడ ఒక భేదమును మరువరాదు. తోడుగా శ్రమించినవారికి వాటానిచ్చుట దాసోహము కాదు. అది ఋణము తీర్చుకొనుట. ఋణము తీరిన పిమ్మట మిగిలినది ఏది కలదో దానితో దాసోహము ప్రారంభమగును. ఉద్యోగులకు ఈయవలసినదానిని ఎగవేసి, ఆ ధనముతో అన్నదానము చేయించి శిలాఫలకముపై పేరు చెక్కించుకొన్నచో, ఆ అన్నము ఎవరిది? ఈ ప్రశ్న మన మఠములు కూడ వేసికొనవలెనని వినయముతో మనవి చేయుచున్నాను. భక్తుడు ఇచ్చినది ఎంత అని గాక, ఎట్లు వచ్చినదని స్వాములవారు ఒక్క మాట అడిగినచో, వంద ఉపన్యాసములు చేయలేని పని ఆ మాట చేయును. కాయక శుద్ధి లేని ధనము దాసోహమునకు తగదనుట మన సంప్రదాయమే కదా.

తల్లిదండ్రుల వంతు కూడ కలదు. సంబంధము చూచునప్పుడు "ప్యాకేజీ ఎంత?" అని అడుగుట మన ఇండ్లలో పరిపాటి అయినది. "ఆ కంపెనీ చేయు పని ఏమి? దాని వలన ఎవరికి మేలు?" అని కూడ అడుగుట నేర్వవలెను. బిడ్డ సంతకము చేయు కాగితమును ఒక్కసారి ఎదుట కూర్చుండబెట్టుకొని చదివించుకొనవలెను. భూమి పత్రమును ఎంత జాగ్రత్తగా చదువుదుమో ఇదియు అంత జాగ్రత్తగా చదువదగినదే.

ఇక నా విద్యార్థి ప్రశ్నకు నేను చెప్పిన సమాధానమునే ఇచ్చట వ్రాయుచున్నాను. నాయనా, కంపెనీ పెట్టుము, అవసరమైనచో అమ్ముము. అమ్ముటకు ముందు మూడు లెక్కలు తీర్చుము. నీతో పనిచేసినవారి పాలు వారికి అందినదా? నిన్ను నమ్మి తమ విషయములను నీ చేతిలో పెట్టినవారికి నీవిచ్చిన మాట కొన్నవాని చేతిలో కూడ నిలుచునా? నీ ఖాతా పుస్తకము ఎవరు అడిగినను తెరచి చూపదగినదేనా? ఈ మూడింటికి అవునని చెప్పగలిగినచో నీ అమ్మకము చందయ్య త్రాటి అమ్మకము వంటిదే. ఒక్కదానికి కాదని చెప్పవలసి వచ్చినను, అప్పటికి నీ వద్ద అమ్మదగినదేదియు సిద్ధము కాలేదని తెలిసికొనుము. అమ్ముటకే పని ప్రారంభించినవాడు పనిని చూడడు, కొనువాని మొగమునే చూచుచుండును. పనిని చూచుచు పనిచేసినవానికి కొనువాడు వచ్చినను రాకున్నను కాయకము వ్యర్థము కాదు.

ఆ యువకుడు ప్రస్తుతము బెంగుళూరులో తన కంపెనీ పనిలోనే ఉన్నాడు. వాని వద్ద ఆరుగురు పనిచేయుచున్నారు. ఆ ఆరుగురి వాటా పత్రములను తెలుగులో కూడ వ్రాయించి, వారి ఇండ్లకు పంపినట్లు ఇటీవల తెలిపెను.